పక్షి కాదు

ఆ బిల్డింగు పనిలో అందరూ ఆమెను క్రేన్ వదిన అనేవారు. నిజానికి ఆమె ఒక్కడికే వదిన. కింద బరువులకు హుక్కు తగిలించే మరిది అలా పిలిచేవాడు కాబట్టి, మేస్త్రీల దగ్గర్నుంచి కాపలావాడి దాకా అందరికీ వదినే అయిపోయింది. పొద్దున్నే ఇనుప నిచ్చెనెక్కి ఆ అద్దాల గదిలో కూర్చుందంటే మళ్లీ సాయంత్రానికే దిగడం. టీ కూడా తాడు కట్టిన బకెట్లో పైకి వెళ్లేది.

ఆడమనిషికి క్రేనేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే, తర్వాత ఆమె రాని రోజున బరువు దగ్గర నిలబడటానికి జంకేవాళ్లు. కింద ఉన్నవాడికి పైన ఏముందో కనపడదు. పైనున్న మనిషి వాకీటాకీలో ఏం చెబితే వాడికి అదే లోకం. అందుకే అక్కడొక అలవాటు ఉంది. కనిపించింది కనిపించినట్టు అనేయాలి. గాలి లేచింది, పక్షి వచ్చింది, తాడు మెలిపడింది, ఏదైనా సరే. మనసులో దాచుకుంటే కుదరదు.

ఆ అలవాటే ఆమె కొంప ముంచింది. ఒక సాయంత్రం ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా, ఎదుట ఆకాశంలో నారింజ రంగు వెలుగొకటి కనిపించింది. చుక్క అనుకుందామంటే ఇంకా పొద్దు గుంకలేదు. విమానమైతే కదలాలి, ఇది కదల్లేదు. మరొకరైతే కళ్లు నులుముకుని నోరు మూసుకునేవారు. ఆమె రోజూ చెప్పినట్టే చెప్పేసింది.

“ఎదురుగా ఒక వెలుగు నిలబడి ఉంది. ఏమిటో తెలీదు. బరువు ఆపుతున్నా.”

కాసేపటికి ఆ వెలుగు నిట్టనిలువుగా పైకి లేచి మాయమైంది. కింద నవ్వులు మాత్రం మాయం కాలేదు. “చుట్టాలొచ్చారా వదినా? టీ ఇంకో రెండు పంపమంటావా?” అని వాకీటాకీ సెట్లోనే వేళాకోళం మొదలెట్టారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఇంజనీరు ఆమెను రేకుల షెడ్డులోకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్లంటే వణుకు.

“పక్షి అని చెప్పేయమ్మా, గొడవ వదిలిపోతుంది. నువ్విలా వెలుగులూ గిలుగులూ అంటే తల తిరిగిందంటారు. తల తిరిగే మనిషిని పైన కూర్చోనివ్వరు.”

“ఒక్క మాటే కదా వదినా,” వెంట వచ్చిన మరిది గొణిగాడు. “పోయేదేముంది?”

పోయేదేమిటో ఆమెకు తెలుసు. ఆ గదంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో, వీధిలో అందరి మాటా పడి బతికిన మనిషి, అక్కడ మాత్రం తన మాట మీద ఇంతమందిని నడిపింది.

“సరే సార్, పక్షే అంటాను. రేపు నేను ‘దారి ఖాళీ’ అంటే, నమ్మి బరువు దగ్గర నిలబడతారా?”

“అది వేరే సంగతమ్మా,” అన్నాడు ఇంజనీరు.

“చూశాను. ఏమిటో తెలీదు. రెండూ నిజమే. మూడో మాట నా నోట రాదు,” అనేసి బయటికొచ్చింది.

మర్నాడు మరిదికి సీటు, ఆమెకు హుక్కు దక్కాయి. అతనికి క్రేన్ నేర్పింది ఆమే. మొహం చెల్లక నేలచూపులు చూస్తున్నవాణ్ని ఆమే నిచ్చెన దాకా తీసుకెళ్లింది. “ఎక్కవయ్యా. కనిపించింది చెప్పు, అంతే.”

ఆ తర్వాత రోజూ సాయంత్రం, నవ్వేవాళ్ల ఎదుటే, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వంక చూసేది. “చుక్కలు కనపడుతున్నాయా?” అని ఎవడైనా అంటే, “నీకు మెడ పైకి లేవదులే, నీకెందుకు?” అనేది.

ఒక సాయంత్రం ఇటుకల బరువు సగం దారిలో ఆగిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. ఆమె సెట్ అందుకుంది.

“ఎందుకు ఆపావు?”

ఆమె నిలబడ్డచోట ఆకాశానికి గోడ అడ్డం. పైనుంచి మాట వచ్చింది.

“పక్షి వదినా.”

ఆమె వెనక్కి తిరిగి, “అందరూ పక్కకు జరగండి!” అని కేకేసింది. వేళాకోళం చేసినవాళ్లే ముందుగా పరుగెత్తారు.

“పక్షి కోసం నువ్వెప్పుడూ బరువు ఆపలేదే. నీ మాట నమ్ముకుని ఇక్కడున్నాం. ఏం కనిపిస్తోంది?”

ఈసారి మాట అన్ని సెట్లలోనూ, రేకుల షెడ్డులో ఇంజనీరు బల్ల మీదున్న సెట్లోనూ, స్పష్టంగా వినపడింది.

“పక్షి కాదు వదినా.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

“సరే. ముందు బరువు జాగ్రత్తగా దించు. తర్వాత షెడ్డుకు ఇద్దరం కలిసే వెళదాం.”