ఆయన వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నం

ఈ మధ్య మా కాలనీ హాల్లో పొద్దున పూట యోగా నేర్పుతున్నారు, మోకాళ్ళ నొప్పులకు మంచిదని కోడలు నా పేరు కూడా రాయించింది. మిగతా ఆసనాలు ఎలాగో నెట్టుకొస్తాను గానీ, చివర్లో నేర్పే అమ్మాయి శవాసనం అని అందరినీ కళ్ళు మూసుకోమంటే మాత్రం నా వల్ల కాదు. పక్కవాళ్ళ పొట్టలు కదులుతున్నాయా లేదా అని చూస్తూ ఉండిపోతాను. ఇంట్లో ఒక మనిషి ఊపిరికి కాపలా కాసిన నా ఈడువాళ్ళెవరూ ఈ మాటకు నవ్వరు.

పెళ్ళయిన కొత్తలో మేము కర్దనూర్‌లో ఉండేవాళ్ళం. నేను ఊరి బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, మా ఆయన పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒక వానాకాలం పగటి షిఫ్టులో గొట్టం పగిలి గ్యాసు బయటికొచ్చింది. నేను బడి నుంచి పరుగున ఆసుపత్రికి చేరేసరికి ఆయన మంచం పట్టీలు రెండు చేతులా పట్టుకుని కూర్చుని, ప్రతి ఊపిరినీ బావిలోంచి చేదినట్టు తీస్తున్నారు.

ప్రాణం నిలిచి ఇంటికొచ్చారు గానీ పడుకోవడం మాత్రం మానేశారు. నడుము వాలిస్తే గాలి అందదని భయం. గోడకు బొంత ఆనించుకుని కూర్చునే కునికేవారు. ఆయన దగ్గితే మా అత్తకు గుండె ఆగినంత పనయ్యేది, దగ్గు ఆగిపోతే నాకు.

ఊపిరి కసరత్తు చేయించమని డాక్టరు చెబితే, మా బడి డ్రిల్లు సారు ఆదివారాలు ఇంటికొచ్చి నేర్పేవారు. మోకాళ్ళ మీద వంగి నుదురు నేలకు ఆనించే బాలాసనం చూసి, వీడు పసితనంలో ఇట్లనే నిద్రపోయేవాడని అత్త మురిసింది. ఆ తర్వాతి ఆదివారం సారు నోట శవాసనం అన్న మాట విని, చెరుగుతున్న చేట పక్కనపెట్టి లేచి వచ్చింది.

"బతికున్న మనిషిని పీనుగ లెక్క పండవెడ్తవా సారూ? మా ఇంట్ల గసొంటియి వద్దు."

పేరుదేముందమ్మా, పండుకునే భయం పోవాలె గదా అని ఆ సారు నెమ్మదిగా చెప్పి చూశారు, కానీ ఆవిడ వినలేదు. నాకూ అదే భయం, ఆవిడ పైకి అన్నది, నేను అనలేదు. సారు వెళ్ళిపోయాక మా ఆయనే చాప పరుచుకున్నారు.

"ఒక్కసారి పండి సూస్తనే అమ్మా. కూసోని కూసోని యాష్టకొచ్చింది."

ఆయన వెల్లకిలా పడుకుంటే నేనొకవైపు, అత్తొకవైపు కూర్చున్నాం. మొదట ఛాతీ గబగబా ఎగిసిపడింది, తర్వాత నెమ్మదించింది, ఆ తర్వాత అసలు కదులుతున్నట్టే నాకు కనిపించలేదు.

"ఇగో, ఇనవడుతుందా? జెర కండ్లు తెరువుండ్రి."

నేను పిలిచినా రెప్ప కదల్లేదు. అత్త వంగి ఆయన ఛాతీకి చెవి ఆనించింది. ఆవిడ ముఖంలో ఏం కనబడుతుందోనని నేను చూస్తున్న ఆ కాసేపు ఎంత పొడుగో ఇప్పటికీ చెప్పలేను. ఇంతలో ఆయన చిన్నగా మూలిగి కుడివైపుకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని గుర్రు పెట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేల మీద ఒళ్ళు వాల్చి నిద్రపోవడం అదే మొదలు.

"నా కడుపుల గూడ గిట్లనే ముడుసుకొని ఉంటుండెనేమో వీడు," అంది అత్త, గుసగుసగా. "లేపకు బిడ్డా."

పొద్దు వాలేదాకా మేమిద్దరం అక్కణ్ణించి కదల్లేదు.

ఆయన కోలుకున్నారు, గ్యాసు జోలికి పోని చోట స్టోర్లో పని చూసుకుని రిటైరయ్యేదాకా చేశారు. చాలా ఏళ్ళకు మా అత్త మంచాన పడినప్పుడు, ఎటూ కదల్లేని మనిషి, నన్ను కుడివైపుకు తిప్పి కాళ్ళు ముడువు కొడుకా అని ఆయన్నే అడిగింది. అలాగే తిప్పి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. పుట్టకముందు ఉన్నట్టే ఉండి, భయమేమీ లేకుండా వెళ్ళిపోయింది. ఆయన కూడా పోయి కొన్నేళ్ళయింది.

అప్పుడు మాకున్నది ఒకటే గది, ఒకరి ఊపిరి ఒకరికి వినిపించేంత దగ్గరగా పడుకునేవాళ్ళం, అందుకే అంత భయపడేవాళ్ళం కూడా. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి గది వారిది, తలుపులు వేసుకుంటే ఏసీల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. పిల్లలు హాయిగా నిద్రపోతున్నారనే అనుకుంటాను.