ఎర్ర మూత

చూపు మసకగా ఉందని ఎన్నిసార్లు చెప్పినా, మా కంపెనీ క్లినిక్‌లో ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. కళ్లజోడు మార్చుకోమంటారు, అంతే.

ఈ అరబ్బు దేశంలో ఇబ్రి ఊరి నుంచి రాజధానికి వచ్చే బస్సులో నా పక్కన ఒక కడప ట్రక్కు డ్రైవరు కూర్చున్నాడు. ఒక్కో కన్నూ మూసి, నీళ్ల సీసా ఎర్ర మూతను చూస్తున్నాడు.

“ఎడమ కంటికి ఎరుపు వెలిసినట్టుందన్నా. ఇన్నాళ్లూ సిగ్నల్ లైట్లే పాతబడినాయనుకుంటి,” అని నవ్వాడు. “షుగరు కంటి నరంలో కణాల్ని అలసగొట్టి చంపుతాదంట. నొప్పే ఉండదు. నీకూ షుగరుందా?”

ఉందన్నాను. మూత నా చేతిలో పెట్టి, బౌషర్‌లో ఆసుపత్రి దగ్గర దిగిపోయాడు.

రోజూ పొద్దున ఆ మూతను చూస్తున్నాను. ఈ వారం నా ఎడమ కంటికి అది ఇటుక రంగులో ఉంది.

డాక్టరుగారూ, కళ్లజోడు సంగతి వదిలేయండి. మీ క్లినిక్‌లో నా కంటి నరం ఒక్కసారైనా చూశారా? జవాబు చెప్పండి.