అడ్డుపుల్ల వదిన, ఆమె అత్తగారు

మా పక్కింటి వదినకు ఆఫీసులో ‘అడ్డుపుల్ల’ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు. అన్నా ఆమె ఏమీ అనుకోదు. “అడ్డం పడ్డానికేగా జీతమిస్తున్నారు!” అంటుంది.

ఆమె పనిచేసేది మందుల దుకాణాలు నడిపే కంపెనీలో. అక్కడ ఫోనులో మాట్లాడి మందులు ఇంటికి పంపే పనిని ఇప్పుడు ఏఐకి అప్పగిస్తున్నారు. అది తనంతట తాను ఎంతవరకు వెళ్లొచ్చో హద్దులు గీయడం, దాటకుండా చూడటం వదిన ఉద్యోగం. డాక్టరు చీటీ లేనిదే నిద్రమాత్రలు పంపకూడదన్నది ఒక హద్దు. సోమవారం నుంచి అన్ని దుకాణాల్లోనూ దాన్ని పనిలోకి దించాలని మేనేజరు తొందర. హద్దు దాటుతుందేమోనని ఆఫీసువాళ్లు తిట్టి చూశారు, దబాయించి చూశారు. అది “చీటీ ఏదండీ?” అంటూనే ఉంది.

వదినకు తృప్తి కలగలేదు. తిడితే లొంగనివాళ్లు బతిమాలితే లొంగుతారని, ఆ విద్యలో ఆరితేరిన అత్తగారిని ఆఫీసుకు వెంటబెట్టుకెళ్లింది. ఆవిడ మాటకు పాలవాడి దగ్గర్నుంచి పళ్లడాక్టరు దాకా కరగనివాడు లేడు.

“నాయనా, పొద్దుట్నుంచీ ఎంతమందితో మాట్లాడుంటావో! గొంతు నొప్పెట్టడం లేదూ?” అని ఫోనులో దానితో మొదలుపెట్టింది ఆవిడ.

“నాకు గొంతు లేదండీ.”

“అయ్యో పాపం!” నిజంగానే నొచ్చుకుని, మెల్లగా మాత్ర పేరు చెప్పింది. అది చీటీ అడిగింది.

“అదేంటి, మొన్న చూపించానుగా? పోన్లే, ఇంతమందిని చూసేవాడివి, నీకు మాత్రం ఎలా గుర్తుంటుంది!”

“క్షమించండమ్మా, నాదే పొరపాటు. పంపిస్తున్నాను.”

ఆఫీసంతా గొల్లున నవ్వింది. వదిన నవ్వలేదు. “సోమవారం కుదరదు,” అంది.

“మీ అత్తగారి మాటలకోసం పని ఆపుతారా?” అన్నాడు మేనేజరు.

“ఇలాంటి అత్తగారు ఇంటికొకరుంటారు సార్. మాత్రలు ఎక్కువై ఒక్కరు లేవకపోతే ఏం చెప్తాం?”

మేనేజరు మొహం ముడుచుకున్నాడు గానీ ఆగక తప్పలేదు. వదిన ఆ యంత్రానికి కొత్త నీతులేమీ బోధించలేదు. ఆ మాత్రలు పంపే అధికారమే పీకేసింది. ఇక ఎవరెంత బతిమాలినా అది ఫార్మసిస్టుకు కబురు చేయగలదంతే. ఆయన చీటీ చూస్తేనే మాత్ర కదులుతుంది. మెత్తటి మనసువాడికి బుద్ధులు చెప్పేకన్నా తాళంచెవి ఇవ్వకపోవడమే మేలని ఆమె నమ్మకం.

ఇంటికి వచ్చాక ఆమెకు ఒకటి తోచింది.

“అత్తయ్యా, ఆ మాత్ర పేరు మీకెలా తెలుసు?”

ఆవిడ చీర కొంగు సర్దుకుంది. “కాస్త నిజం కలపకపోతే అబద్ధం అతకదే పిల్లా.”

“నిద్ర పట్టడం లేదా? మరి నాకు చెప్పరేం?”

“నీకు చెబితే డాక్టరు దగ్గరికి లాక్కుపోతావుగా!”

అలాగే లాక్కుపోయింది. డాక్టరు అన్నీ విని, మాత్ర రాయకుండా, మధ్యాహ్నం కునుకూ సాయంత్రం కాఫీలూ మానేయమన్నాడు. ఆవిడ ఆయన్ని కూడా బతిమాలి చూసింది. ఆయన నవ్వాడే గానీ కలం ముట్టుకోలేదు.

బయటికొచ్చి కోడలి వైపు కొరకొరా చూసింది. “వీడికి కూడా నువ్వే హద్దులు గీశావుటే?”