ఇత్తడి పళ్ళెంలో తెల్లవారింది

నా చిన్నప్పుడు, బెంగాలీల గడ్డ మీద మా తెలుగువాళ్ళుండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో నాటకమంటే మగవాళ్ళ వ్యవహారం. ఆడ వేషం కూడా మీసాలు గొరిగించుకున్న మగవాడే కట్టేవాడు. అలాంటిది ఒక ఏడు దసరా ఉత్సవాల్లో ఆడవాళ్ళమే ఒక నాటకం ఆడతామని మా చిన్నత్త బయలుదేరింది.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. మా ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకు జాకెట్లు కుట్టేది, ఆడవాళ్ళకు కుట్టు నేర్పేది. ఆ నేర్చుకునేవాళ్ళే నటులు. నాటకం రాసింది తనే. వేటకెళ్ళిన తండ్రి పడవ తుఫానులో చిక్కుకుంటే, ఒడ్డున తల్లీ కూతురూ తెల్లవారేదాకా ఎదురుచూసే కథ. కూతురి వేషం నాకిచ్చింది.

మా నాన్నమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, నలుగురి ముందర స్టేజీలు ఎక్కుతావేటే?" అని రోజూ సాధించేది. చిన్నత్త నవ్వి, "నానెక్కనమ్మా, తెర ఎనకాలే ఉంటాను" అనేది.

ఉత్సవాల ఏర్పాట్లు చూసే పెద్దాయన మాకొక సాయంత్రం ఇచ్చాడు గానీ లైట్లు ఇవ్వనన్నాడు. మంచి లైట్లు మగవాళ్ళ నాటకానికేనట, మాకు రెండు ట్యూబులైట్లు చాలునట. ట్యూబులైట్ల కింద తుఫాను రాత్రి ఎలా వస్తుంది? హాలు వెనక గదిలో పడేసిన పాత లైట్లయినా ఇవ్వమని చిన్నత్త అడిగింది. అవి తుక్కమ్మా, తీసుకుపొమ్మని ఆయన నవ్వాడు. ఆ తుక్కును రిక్షాలో వేసుకుని, పక్కన తాను నడుచుకుంటూ ఇంటికి తెచ్చింది.

వాటిని వసారాలో దించి చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఒక లైటుకు ముందరి అద్దం పగిలింది. ఇంకొకదానికి నిలబెట్టే స్టాండు లేదు. వెలుగును మెల్లగా పెంచి తగ్గించే పెట్టె లోపలంతా మాడిపోయి ఉంది. పక్క క్వార్టరులో ఒక బెంగాలీ దాదా ఉండేవాడు, వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఆయన వచ్చి రెండు లైట్లకూ కొత్త తీగలు వేసి వెలిగించి ఇచ్చాడు. పెట్టెను మాత్రం తిప్పి తిప్పి చూసి, "ఎటా హోబే నా, దీదీ" అనేశాడు. అది ఇక పనిచేయదని.

అద్దం లేని లైటుకు వెలుగు చెదిరిపోకుండా చిన్నత్త రెండువైపులా కోసిన డాల్డా డబ్బా తొడిగింది. తుఫాను రంగు కోసం మలంచా బజారులో నీలం కాగితం కొని దాని మూతికి అంటించింది. కాసేపటికే కాగితం ముడుచుకుపోయి పొగ వచ్చింది. ఆ పొగ చూసి, తల్లి వేషం వేసే ఆవిడ "ఒగ్గేద్దాం అప్పా, మనకెందుకొచ్చిన గొడవ" అంది. చిన్నత్త మర్నాడు డబ్బాకు గాలి ఆడేలా చిల్లులు పొడిచింది. కాగితాన్ని తీగచట్రానికి బిగించి దీపానికి దూరంగా నిలబెట్టింది. ఈసారి కాలలేదు. ఆవిడ మళ్ళీ రిహార్సలుకు వచ్చింది.

స్టాండు కోసం చిన్నత్త తన కుట్టుమిషనునే విప్పింది. మిషను తీసి పక్కన పెట్టి, దాని ఇనప కాళ్ళ బల్ల మీద రెండో లైటు కట్టేసింది. దసరాకు ముందు దర్జీ పనికి తీరికుండని రోజులవి. ఒప్పుకున్న జాకెట్లన్నీ నేల మీద కూర్చుని చేత్తో కుట్టింది. వేళ్ళ చివర్లు పొక్కిపోయాయి. అయినా కాళ్ళు మాత్రం మిషనుకు తిరిగి ఇవ్వలేదు.

ఇక మిగిలింది తెల్లవారడం. మాడిపోయిన పెట్టె లేకుండా సూర్యుణ్ణి మెల్లగా పైకి తేవడం ఎలాగో తనకు తోచలేదు. స్విచ్చి వేస్తే ఒక్కసారిగా మధ్యాహ్నం అయిపోతోంది. అలా ఉండగా ఒకరోజు నాన్నమ్మ పెరట్లో చింతపండుతో పెద్ద ఇత్తడి పళ్ళెం తోముతోంది. ఎండ పళ్ళెం మీద పడి, బంగారు రంగు వెలుగు గోడ మీద మెల్లగా పాకింది. అది చూసి చిన్నత్త కుడుతున్న గుడ్డ కింద పడేసి పరుగెత్తింది.

లైటు దాని మీద వేసి మెల్లగా తిప్పితే స్టేజీ మీద సూర్యుడు లేస్తాడని చెప్పినా, నాన్నమ్మ పళ్ళెం ఇవ్వనంది. "నా పుట్టింటోలు ఎట్టినది. ఎవులికీ ఇవ్వను. అంత కావాలంటే నానే అట్టుకుని కూకుంటాను."

"అలగే కూకో అమ్మా," అంది చిన్నత్త వెంటనే. అప్పుడుగానీ నాన్నమ్మకు తాను ఏం ఒప్పుకుందో అర్థం కాలేదు.

నాటకం రోజు హాలు నిండిపోయింది. తుఫాను బాగానే సాగింది. నేను ఒడ్డున నిలబడి నాన్నను పిలుస్తుండగా టప్‌మని చప్పుడైంది. డబ్బాలోని బల్బు పోయింది. స్టేజీ అంతా చీకటి. జనంలో ఎవరో ఈల వేశారు. నా నోట మాట ఆగిపోయింది. తెర పక్కనుంచి చిన్నత్త గొంతు వినిపించింది. "ఆగకే గుంటా. సెప్తుండు."

వణుకుతూనే చీకట్లోకి నాన్నను పిలిచాను. మళ్ళీ పిలిచాను. అప్పుడు నేల మీద పసుపు రంగు వెలుగు ఒకటి కదిలింది. అది అటూ ఇటూ వెతికి నా పాదాలను పట్టుకుంది. పావడా మీదుగా పాకి నా ముఖం మీదకొచ్చి ఆగింది. మిషను కాళ్ళ మీది లైటు వేసి, తెర పక్కన కూర్చున్న నాన్నమ్మ పళ్ళెం తిప్పుతోంది. ఎవరూ చెప్పలేదు. నా గొంతును బట్టి నన్ను వెతుక్కుంది. నేను ఎటు నడిస్తే అటు ఆ వెలుగు నడిచింది. చివరికి పడవ కనబడిందని నేను అరవగానే పళ్ళెం మెల్లగా పైకి లేచింది. వెనక తెర మీద తెల్లవారింది. ఈల వేసినవాళ్ళే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక చూస్తే నాన్నమ్మ ఇంకా పళ్ళెం దించలేదు. "గుంట బాగా సెప్పింది" అంది, చిన్నత్త వైపు చూడకుండా.

తరువాత నేను బడిపంతులమ్మనయ్యాను. మొగుడు పోయినప్పుడు, పిల్లాడి జబ్బు ముదిరినప్పుడు, ముందేమీ కనబడని రోజులు చాలానే చూశాను. అలాంటప్పుడు ధైర్యం వచ్చేదాకా ఆగడం నాకు తెలియదు. వణుకుతున్న గొంతుతోనే తరువాతి మాట చెబుతాను. మనం ఎక్కడున్నామో అవతలివాళ్ళకు తెలియాలంటే ముందు మన గొంతు వాళ్ళకు వినబడాలని ఆ సాయంత్రం నేర్చుకున్నాను.