ధీరే అంటే ధీరంగా

ఒక్క పాటతో ఆసుపత్రిని అతలాకుతలం చెయ్యడం ఎలాగో తెలుసుకోవాలంటే నా దగ్గరికి రండి. ఈ విద్యలో రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో నన్ను మించినవాడు లేడు. పుట్టినవాళ్ళనీ, పుట్టబోయేవాళ్ళనీ ఒకేసారి హడలగొట్టిన చరిత్ర నాది.

డెబ్భైల చివరి రోజులు. బొబ్బిలి నుంచి వచ్చి రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా కొత్తగా చేరాను. మోటార్లు బాగుచెయ్యడం కొద్దిగా వచ్చు, హార్మోనియం ఇంకొద్దిగా వచ్చు, ఒడియా మాత్రం పూర్తిగా వచ్చేసిందని నమ్మకం. దానికి నేనే ఒక సూత్రం కనిపెట్టాను. ఒడియావాళ్ళు 'అ'ని 'ఒ'లాగా గుండ్రంగా పలుకుతారు కదా, ఆ గుండ్రం విప్పేస్తే లోపల తెలుగే ఉంటుంది. 'జొళొ' విప్పితే జలం, 'ఫొళొ' విప్పితే ఫలం. ఇంత సులువైన భాషకి మళ్ళీ గురువు దేనికి?

ఆ ఏడు మా ఫ్యాక్టరీ కాలనీ ఆసుపత్రికి ప్రసూతి వార్డు కట్టారు. ప్రారంభోత్సవం కోసం కాలనీ బడి సంగీతం మాస్టారు ఒడియాలో ఒక బృందగీతం కట్టారు. కొత్తగా వచ్చిన పాపకి ఈ కొండలు నీడ పట్టాలి, నాగావళి దాహం తీర్చాలి అని దీవించే పాట. మాస్టారు ఒడియా ఆయన, పిల్లల్లేరు. ఆ నెలాఖరుకి రిటైరై గుణుపురం వైపు సొంతూరికి వెళ్ళిపోతున్నారు. తన పాట ఒక్కటి ఈ కాలనీలో ఉండిపోవాలని ఆయన కోరిక. మేనేజరు గారు షరతు పెట్టారు. ఆ రోజు సభలో కుదిరితే ఏటేటా వార్షికోత్సవంలో అదే పాట, కుదరకపోతే బ్యాండుమేళం.

తీరా ప్రారంభోత్సవం వేళకి మాస్టారి గొంతు పూడుకుపోయింది, జ్వరం కూడా. ఆయన పక్కన తాళం వేస్తూ కూర్చునే నాకు హార్మోనియం అప్పగించారు. నేను ఒకసారి వాయించి చూపిస్తే, వేదిక వెనక నా చెవిలో గుసగుసగా అన్నారు.

"ధీరే, బాబు, ధీరే. స్వరొ టికే తొళొకు."

నా సూత్రం వెంటనే పనిలోకి దిగింది. ధీరే అంటే ధీరంగా. తొళొకు గుండ్రం విప్పితే తళుకు. అంటే స్వరం తళుక్కుమనాలి. హిందీ సినిమాలు చూసినవాడివి, ధీరే అంటే నెమ్మది అని తెలీదా అంటారేమో. తెలుసండీ. కానీ అది హిందీ, ఇది ఒడియా. రెంటికీ ఒకటే అర్థమైతే రెండు భాషలెందుకని నా వాదన.

మాస్టారు ఒకటి శ్రుతిలో నేర్పిన పాటని నాలుగు శ్రుతికి ఎత్తాను. తళుకుకి ఆ మాత్రం ఎత్తు కావాలి కదా. బృందంలో ముందు గొంతు మా పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మ పిన్నిది. రాయగడలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ కంగారుపడింది.

"ఏటి బాబూ, ఇంత పైకెత్తీసేవు? పీకలు తెగిపోతాయి."

"మాస్టారే చెప్పారు పిన్నీ."

"ఏటి సెప్పేరు?"

"తళుక్కుమనాలన్నారు. ధీరంగా పాడాలన్నారు."

"పసిపిల్లల పాటకి ధీరమేటి? నాకేటో తేడాగుంది."

"సంగీతం మీకు తెలుసా, మాస్టారికి తెలుసా?"

పిన్ని నోరు మూసుకుంది. అలా మూయించగలగడం అప్పట్లో నాకు గొప్పగా ఉండేది.

మొదలుపెట్టాం. తబలా కుర్రాడికి కన్నుగీటాను, వాడు విజృంభించాడు. ముందు వరుసలోకి వచ్చి కూర్చున్న మాస్టారు అరచేయి కిందికి ఆడిస్తూ, "ధీరే, ధీరే" అంటున్నారు. ఇంకా ధీరత్వం చాలలేదు కాబోలనుకున్నాను. ఆ చేతి సైగ తబలాని గట్టిగా బాదమనేమోనని అదీ చేయించాను. కొండలు నీడ పట్టమన్న చోట కొండల మీదకి దండెత్తుతున్నట్టుంది. పిన్ని మెడ నరాలు నాకు ఇప్పటికీ గుర్తు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. రిబ్బను కత్తిరించేదాకా పిల్లలు కడుపులో ఆగరు కదా, అంచేత వార్డు వాడకం అప్పటికే మొదలైంది. మేం రెండో చరణానికి వచ్చేసరికి లోపల ఒక పసివాడు కెవ్వుమన్నాడు. వాడికి పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి మా బృందం కన్నా వాళ్ళ బృందమే పెద్దదైంది, శ్రుతి కూడా మాకన్నా బాగా కలిసింది. నర్సు బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఎవులయ్యా అక్కడ? లోపల ఒకమ్మకి నెప్పులు ముందే వచ్చీసేయి."

పాట ఆగిపోయింది. మేనేజరు గారు బ్యాండుమేళం వాళ్ళకేసి చూశారు. మాస్టారు తలవంచుకుని కూర్చున్నారు. ఆయన ముఖం చూశాక నాకు ఏడుపొచ్చింది. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క కోరికని నా రెండు చేతులతోనే నేలపాలు చేశాను.

మాస్టారు మెల్లగా లేచి వేదిక ఎక్కారు. నన్ను తోసేస్తారనుకున్నాను. పక్కన కూర్చుని, పిన్నిని ఏదో అడిగారు, ఆవిడ ఏదో చెప్పింది. అప్పుడు నా చేతి మీద చెయ్యి వేసి, జ్వరంతో కాలుతున్న ఆ చేత్తోనే నా వేళ్ళని హార్మోనియం కింది మెట్ల మీదకి జరిపారు.

"నెమ్మది, బాబు. కిందికి. కిందికి."

ధీరేకీ, తొళొకుకీ నా కోసం అప్పటికప్పుడు అరువు తెచ్చుకున్న తెలుగు అది. మళ్ళీ పాడాం. పిన్ని గొంతు జోకొట్టినట్టు సాగింది. లోపల ఏడుపులు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. ఒక మొండిఘటం మాత్రం ఊరుకోలేదు. వాడి కోసం చివరి చరణం మళ్ళీ అందుకున్నాం. వాడూ పడుకున్నాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పిల్లలు లేస్తారని. పాట ఖాయం చేస్తున్నట్టు మేనేజరు గారు కూడా గుసగుసగానే చెప్పారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు యూనియన్ వాళ్ళు నా క్వార్టర్‌కి వచ్చారు.

"గేటు మీటింగుకి నీ పాట కావాలి. నిన్న మొదట పాడినావు సూడు, పిల్లల్ని లేపీసింది, ఆ వరస."

భయపడుతూ మాస్టారి అనుమతి అడగడానికి వెళ్ళాను. ఆయన దగ్గూ నవ్వూ కలిపి ఒడియాలో ఏదో అన్నారు. ఈసారి గుండ్రాలు విప్పకుండా పిన్నిని అడిగాను.

"ఒక్క బిడ్డ సాలనుకుంటే కవలలు పుట్టేరంతన్నారు," అంది పిన్ని.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా గొంతులో ఊపిరి ఉన్నంతవరకు, ఎవరు ఏ భాషలో బతిమాలినా సరే, ఇకమీదట కానుపులు చెయ్యను.