వంతెన మీద వెయ్యని రూపాయి

నార్వేలో ట్రాండ్‌హైమ్ అని ఒక పాత నగరం ఉంది. అక్కడి నది మీద ఎర్రటి చెక్క ద్వారాలున్న పాత వంతెనను చూడడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేనూ చూశాను. ఎవరైనా ఆ వంతెన మాటెత్తితే మాత్రం నాకు తల కొట్టేసినట్టుంటుంది.

అప్పటికి ఏడాదిగా నా తమ్ముడు పరాయి దేశం జైల్లో ఉన్నాడు. గుజరాత్ బోట్లలో పనికి పోయి, చేపల వేటలో సముద్ర సరిహద్దు దాటారని పట్టుబడ్డాడు. ఎచ్చెర్ల దగ్గర మా పేటలో అమ్మ చేపలమ్మేది. వాడొచ్చేదాకా చేప నోట పెట్టనని ఒట్టేసుకుంది. చేపల మీద నేను చదివిన చదువు పుణ్యమా అని నార్వేలో సదస్సుకు పిలుపొస్తే, పసుపు గుడ్డలో రూపాయి మూటకట్టి నా కోటు జేబులో పెట్టింది.

“ఒరే, మన గంగమ్మకి మొక్కి మొక్కి అలిసిపోనాన్రా. ఆ దేశం గంగమ్మకి తమ్ముడి సంగతి సెప్పి, ఇది నీళ్లల్లో ఏసి రా.”

వంతెన మధ్యకు వెళ్లి జేబులో చెయ్యి పెట్టాను. సదస్సులో పరిచయమైన హైదరాబాద్ ప్రొఫెసర్ పక్కనే ఉన్నాడు. నది వైపు చూసి, “మనవాళ్లయితే ఈపాటికి చిల్లర విసిరి దణ్ణాలు పెట్టేసేవాళ్లు!” అని నవ్వాడు. ఛీ! నేను ఆయనకంటే గట్టిగా నవ్వాను. మూట జేబులోనే ఉండిపోయింది. పోనీ, మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి వెయ్యొచ్చు కదా? వెళ్లలేదు.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

“ఏసినావేట్రా?”

“ఏసీసినానమ్మా.”

“నీళ్లు ఎటేపు పోతన్నాయి?”

“సముద్రంలోకే.”

“అయితే సాలు. ఆడి కాడికి ఎల్తాది,” అని ఏడ్చింది.

కొన్ని నెలలకు తమ్ముణ్ణి వదిలిపెట్టారు. మనిషి చిక్కి సగమై వచ్చాడు. ఇక పేటంతా అమ్మ ఒకటే చాటింపు: “మా పెద్దోడు ఆ దేశం గంగమ్మకి సెప్పినాడు, ఆవిడ పంపీసింది!” తమ్ముడు వంగి నా కాళ్లు పట్టుకోబోయాడు. ఆపాను గానీ వాడి మొహం చూడలేకపోయాను.

వాడొచ్చిన రోజు మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు పెట్టింది. జైలు నుంచి వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి, మొదటి ముక్క నా కంచంలో వేసింది.

“తిను నాయినా. నువ్వు తిన్నాకే మేం తింటాం.”

పక్కగదిలో నా పెట్టె అడుగున కోటుంది, దాని జేబులో మూట ఉంది. నిజం చెప్తే అమ్మ మళ్లీ చేప మానేస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నా పరువు పోతుందని భయం, అంతే.

తిన్నాను. పులుసు బాగుందన్నాను. ఇంకో ముక్క వేయించుకున్నాను.