నేను కూర్చున్న మైకు

ఆ ఏడు కొల్లేరు వరద చాలా ఊళ్లని ముంచింది. వరద దయతలచి వదిలేసిన ఒక ప్రాణాన్ని మాత్రం నేను ముంచబోయాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. జిల్లా అంతా నవ్వేసింది, ఇక మీరెంత.

హ్యామ్ రేడియోకి, అంటే సరదాకి సొంతంగా నడుపుకునే వైర్‌లెస్ సెట్టుకి, లైసెన్సు చేతికొచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఫోన్లు పడిపోయాయి, ఏలూరు కలెక్టరాఫీసులో సెట్టు పెట్టమని కబురొచ్చింది. ప్రభుత్వానికి నా అవసరం పడిందని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాను. గుండుగొలనులో ఇంకో సెట్టుతో మా గురువుగారు, రిటైరైన సుందరం మాస్టారు ఉన్నారు.

పదింటికి ఆయన గొంతు వినపడింది. "లంకలో ఒకమ్మాయికి పురుటినొప్పులు వస్తున్నాయి. పడవ ఏ గట్టుకి రావాలో కనుక్కుని చెబుతాను. సెట్టు దగ్గరే ఉండు నాయనా. ఓవర్."

ఉన్నాను. మరీ దగ్గరగా ఉన్నాను. ఇంతలో ఉప్మా పొట్లం వచ్చింది. తినడానికి రెండు చేతులూ కావాలి కదా, మైకు కుర్చీలో పెట్టి దాని మీదే కూర్చున్నాను. మైకుకి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి ఉన్నంతసేపూ మన మాట అందరికీ వినపడుతుంది, మనకి ఎవరి మాటా వినపడదు. అందుకే మన మాట అయ్యాక 'ఓవర్' అని బటన్ వదిలెయ్యాలి. పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

"ఏవండీ, పడవవాళ్లు కాసుక్కూర్చున్నారు. ఇంకా కబురు రాలేదేంటండీ?" అన్నారు గుమాస్తా సుబ్బారావుగారు.

"మాస్టారితో అంతేనండీ. మైకు పట్టుకుంటే చర్చిలో ప్రార్థనే. ఆమెన్ ఎప్పుడొస్తుందో దేవుడిక్కూడా తెలీదు."

"పోనీ పోలీసు వైర్‌లెస్‌లో అడిగితేనో?"

"వాళ్ల సెట్లు జీపుల్లో షికార్లకండీ. ఇవాళ ఈ జిల్లాని మోస్తున్నది మా హ్యామ్ వాళ్లే."

ఇరవై నిమిషాలు ఇలాగే మోశాను. అప్పుడు పక్కగది నుంచి కానిస్టేబుల్ వచ్చి, ఎంతో మర్యాదగా నిలబడ్డాడు.

"మా వైర్‌లెస్‌లో మీకో మెసేజి వచ్చిందండీ."

"ఏమని?"

"మీరు కొంచెం పైకి లేవాలటండీ."

లేచాను. తాడేపల్లిగూడెం దాకా ఉన్న సెట్లన్నీ ఒక్కసారి నన్ను తిట్టడం మొదలుపెట్టాయి. పాపం మాస్టారు వానలో పరుగెత్తి, హైవే మీద పోలీసు జీపు ఆపి, గట్టు పేరు అందులోంచి పంపారట. పడవ వెళ్లింది. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. వాళ్లకేమన్నా అయ్యుంటే ఈ కథ చెప్పే ముఖం నాకుండేది కాదు.

సాయంత్రం మాస్టారు తడిసిన బట్టలతోనే వచ్చారు. తిడతారని తలవంచుకున్నాను. ఆయన గొంతు కూడా పెంచలేదు.

"నా ప్రార్థన ఎంత పొడుగైనా చివర ఆమెన్ అంటాను నాయనా. నువ్వు ఓవర్ అనవేం?"

కనుక సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరెంత మంచి ఉప్మా పెట్టినా, నిలబడే తింటాను.

ఆమెన్. ఓవర్.